రాతిపాచి ల్యాబులో ఒక్క సీటు

మొదటి రోజు. పైన 47 డిగ్రీలు.

ముప్ఫై ఒక్క ల్యాబులు నన్ను వద్దన్నాయి. ఆ ఉత్తరాలన్నీ దాచుకున్నాను, కోపం తగ్గినప్పుడల్లా తీసి చదువుకోవడానికి. ఉప్పుల రసాయన ల్యాబు నా ఆసక్తిని అభినందించింది. పురుగుల ల్యాబు దరఖాస్తు చేరిన నాలుగు క్షణాల్లో తిరస్కరించింది. నాలుగు క్షణాల్లో నా ఇంటిపేరు కూడా చదవలేరు. నక్షత్రాల ల్యాబులో పీహెచ్‌డీ మొదలుపెట్టాలంటే ముందే మూడేళ్ళ పరిశోధన అనుభవం ఉండాలట. రాళ్ళలో శబ్దాలు వినే ల్యాబు ఒక్కటే నిజం రాసింది: సీటు నిరుడే నిండింది, ప్రకటన తీసేయడం మరిచిపోయాం.

ముప్ఫై రెండోది వీరభద్రప్ప సార్ రాతిపాచి ల్యాబు. ఒక్క పీహెచ్‌డీ సీటు, ముగ్గురు అభ్యర్థులం, నలభై రోజుల పోటీ. నలభయ్యో రోజు సాయంత్రానికి సీటు నాది కాకపోతే నా చలువ చీటీ చెల్లదు. మా ఊరు పాత నాపరాళ్ళ గని. చీటీ ఉన్నవాళ్ళు కింది మెట్టులో చల్లగాలిలో ఉంటారు. లేనివాళ్ళు పై మెట్టుకెక్కి, ఎండలో, కరెంటు పలకల మీద దుమ్ము తుడుస్తారు. ఆ కరెంటుతోనే ఇక్కడ చల్లగాలి ఆడుతుంది. ఈ సంగతి ఇక్కడెవరూ మాట్లాడరు.

పొద్దున్నే మూల గాజుకు గంధం పెట్టారు. అది ఎర్ర సారా నింపిన ఉష్ణమాపకం, సార్ గురువుగారిది. పైన ఇత్తడి మూత, మూత మీద ఆయన పేరు, మూత చుట్టూ లక్క. ఊళ్ళోని ప్రతి గాజునూ దీనితో పోల్చే సరిచేస్తారు. ఒక నీళ్ళ తొట్టిలో నా గాజూ మూల గాజూ పక్కపక్కన ముంచారు. అది 28 చూపింది, నాది 30. కొత్త అభ్యర్థుల గాజులన్నీ ఇట్లే రెండు ఎక్కువ చూపిస్తాయనీ, బజారు సరుకంతా అంతేననీ సార్ అన్నారు. నా గాజు మీద రెండు డిగ్రీలు తగ్గించి కొత్త గీతలు గీసుకున్నాను. తిప్పేస్వామన్న కూడా గీసుకున్నాడు.

మూడో అభ్యర్థి దస్తగిరమ్మక్క గీయలేదు. తనది తాను ముందే చూసుకున్నానని చెప్పి గాజును గుడ్డలో చుట్టుకుంది. సార్ ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోతే అది ఎక్కడో రాసి పెట్టుకున్నట్టు.

ఐదో రోజు. పైన 47.

రాతిపాచి బూడిద రంగులో పొలుసులు పొలుసులుగా ఉంటుంది. నీళ్ళు చల్లితే గంటలో పచ్చబడుతుంది. పై మెట్టు కప్పుల మీద దీన్ని పెంచగలిగితే అక్కడి గదులు చల్లబడతాయి. ఇది ఎంత వేడి దాకా బతుకుతుందో తేల్చడమే మా ముగ్గురి పని.

పొద్దున తట్టలకు నీళ్ళు చల్లడం, మధ్యాహ్నం పెట్టెలో వేడి ఎక్కించడం, సాయంత్రం ఏ తట్ట మళ్ళీ పచ్చబడిందో చూసి పట్టికలో రాయడం. నిప్పు వాడకూడదు, గాలి పాడవుతుంది. గాజు అరవై దాటకూడదు, పగులుతుంది.

బడి చివరి ఏడాది నుంచి నిఘంటువును మొదటి పుట నుంచి వరసగా చదువుతున్నాను. ఇప్పుడు ‘క’లో ఉన్నాను. ‘కందు’ అనే మాట దొరికింది. వేడికి ముఖం వాడడం. పాచికి కూడా వాడొచ్చా అని తిప్పేస్వామన్నను అడిగితే, పట్టికలో అలాంటి మాట కనబడితే సార్ నిన్నే పెట్టెలో పెట్టి కందిస్తాడని చెప్పాడు.

తొమ్మిదో రోజు. పైన 48.

తిప్పేస్వామన్నకు నలభై దాటాయి. పీహెచ్‌డీ సీటుకు ఇంత పెద్దాయన ఎందుకొచ్చాడా అనుకున్నాను. ఈ రోజు ఆయన సంచి సర్దుతుంటే పట్టా బయటపడింది. ఆయనకు పీహెచ్‌డీ తొమ్మిదేళ్ళ కిందటే వచ్చింది. మూడు ఊళ్ళలో, మూడు శాస్త్రాల్లో పోస్ట్‌డాక్ చేశాడు. ఇప్పుడు పోస్ట్‌డాక్ సీటు ఎక్కడా లేదు. అందుకని పట్టా దాచి మళ్ళీ మొదటి తరగతిలో కూర్చున్నాడు.

పట్టా ఉన్నవాళ్ళు ఈ పోటీకి అనర్హులు. నేను చూశానని ఆయన చూశాడు.

“రాసుకో,” అన్నాడు. “ఆఖరి రోజుకు పనికొస్తాది. నేనైతే రాసుకుందును.”

తర్వాత, ఏమీ జరగనట్టు, ఖండన ఎలా రాయాలో నేర్పాడు. ఈ పోటీలో మన పని బాగుంటే చాలదు. ఎదుటివాళ్ళ పనిలో తప్పు పట్టాలి. పద్దెనిమిదో రోజు ఒక ఖండన, నలభయ్యో రోజు ఒకటి. ఖండన నిలిస్తే అవతలివాళ్ళు ఇంటికి. నిలవకపోతే మనం. వేసిన ఖండనను వెనక్కి తీసుకుంటే మూడేళ్ళు ఎక్కడా దరఖాస్తు పెట్టకూడదు. మనిషి వంక చూడొద్దు, పట్టిక వంక చూడు, అన్నాడు. మనిషిని చూస్తే చెయ్యి ఆగుతుందట.

పద్నాలుగో రోజు. పైన 48.

దొరికింది.

దస్తగిరమ్మక్క పట్టికలో పాచి 52 దాకా బతికి 53కు చచ్చిపోతుందని ఉంది. నేను మూడుసార్లు చేశాను. మూడుసార్లూ 51కే చచ్చిపోయింది. సంతోషంతో అన్నం తినలేకపోయాను. నిఘంటువులో ‘ఖ’కు చేరాను, ‘ఖండన’ పక్కన నా పెన్సిలు గుర్తు పెట్టాను.

పద్దెనిమిదో రోజు. పైన 49.

హాలు అంటే రాతిలో తొలిచిన గుండ్రటి గది. సార్, గుమాస్తా, పాత విద్యార్థులు అరుగు మీద కూర్చుంటారు. అభ్యర్థులు నిలబడాలి.

నేను నా ఖండన చదివాను. దస్తగిరమ్మక్క గాజును తెప్పించి మూల గాజు పక్కన తొట్టిలో ముంచారు. రెండు డిగ్రీలు ఎక్కువ చూపింది. పాత విద్యార్థుల్లో ఎవరో నవ్వారు.

“ఏంటికి సరిచేసుకోలేదు?” అని సార్ అడిగారు.

“సరిగ్గా ఉండేదాన్ని ఏం సరిచేసేది సార్,” అంది ఆమె. “నా జవాబు కాయితంలో రాసినా. సదవండి.”

జవాబు చదవడం ఆ తర్వాతి పని అనీ, ముందు గాజు తప్పని తేలింది కాబట్టి దానికి అవసరం లేదనీ గుమాస్తా చెప్పాడు. నియమం అలాగే ఉందట. ఆమె గాజును తుడిచి గుడ్డలో చుట్టుకుంది. నా పక్కనుంచి పోతూ ఆగింది.

“మే, లేపాక్షీ. నువ్వు ఆ కాయితం సదివినావా?”

చదివానని చెప్పాను. పట్టిక చదివాను. మిగతాది చదవలేదు.

సాయంత్రానికి ఆమె పై మెట్టుకు వెళ్ళిపోయింది. ఆమె మంచం నాకిచ్చారు. గాలి గొట్టానికి దగ్గర.

ఇరవై రెండో రోజు. పైన 49.

ఓడినవాళ్ళ పనిని గెలిచినవాళ్ళు రిజిస్టరులో మొత్తం నకలు రాయాలి. శిక్ష గెలిచినవాళ్ళకే ఎందుకో ఎవరూ చెప్పరు. నాలుగు రోజులుగా రాస్తున్నాను. ఆమె చేతిరాత గట్టిగా ఉంటుంది, కాగితం వెనక వేలితో తడిమితే అక్షరాలు తగులుతాయి.

ఈ రోజు జవాబు కాగితానికి వచ్చాను. అందులో ఇలా ఉంది:

‘నేను రెండేళ్ళు ఆసుపత్రి మంచు గదిలో ఊడ్చే పని చేసినాను. కరిగే మంచులో నా గాజును పెట్టి చూసినాను. సరిగ్గా సున్నా. కరిగే మంచు కంటే పెద్ద మూల గాజు లేదు. సారా గాజుల్లో సారా కొంచెం ఆవిరై పైకొసన చుక్కగా అంటుకుంటే, కింద ఆ మేరకు తక్కువ చూపిస్తుంది. మూల గాజు ఇత్తడి మూత తీసి పైకొసన చూడాలని కోరుతున్నాను.’

కలం పెట్టేశాను.

కరిగే మంచు సున్నా డిగ్రీలు. అది ఐదో తరగతి పాఠం. నేను దాన్ని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ మంచును ఎన్నడూ చూడలేదు. మంచు ఆసుపత్రిది. ఒక్క ముక్క కరిగినా ఎందుకు కరిగిందో కాగితం రాయాలి. గాజును సరిచూసుకోవడానికి మంచు కరిగించాలన్న ఆలోచన ఈ ఊళ్ళో ఎవరికీ రాదు. పసిబిడ్డను నిద్ర లేపి టైమెంతని అడిగినంత అన్యాయంగా అనిపిస్తుంది.

కొత్త గాజులన్నీ ఒకే రకంగా రెండు ఎక్కువ చూపించాయి. మేమందరం బజారును తిట్టుకున్నాం.

ఇరవై మూడో రోజు. పైన 49.

ఆసుపత్రి మంచు గదికి ఎస్తేరమ్మ అనే నర్సు కాపలా. వచ్చిన పని చెప్పకముందే వద్దంది. చెప్పాక ఇంకా గట్టిగా వద్దంది. మీ పాచికి మంచెందుకు, మనుషులకే లేదు, అని నన్ను తలుపు దాకా తోసింది. నేను కొత్త ముక్క అడగడం లేదనీ, ఇప్పటికే కరుగుతున్నది చాలనీ చెప్పాను. కాసేపు నా ముఖం చూసి, అయితే లోపలికొచ్చి చూడమంది.

ఎండ దెబ్బ తగిలిన ఒకాయనను తొట్టిలో పడుకోబెట్టారు. చుట్టూ మంచు. తెల్లగా ఉంటుందనుకున్నాను, గాజులా ఉంది. ఆయన భార్య పక్కన కూర్చుని ఆయన అరికాళ్ళు రుద్దుతోంది. కాళ్ళ దగ్గర మంచూ నీళ్ళూ కలిసిన చోట నా గాజును ముంచాను. చెయ్యి కొంకర్లు పోయింది. ఎర్ర గీత దిగుతూ దిగుతూ ఆగింది.

నేను గీసిన గీతల ప్రకారం సున్నాకు రెండు కింద. గాజు మీద మొదటి నుంచీ ఉన్న గీతల ప్రకారం, సరిగ్గా సున్నా.

నా గాజు మొదటి నుంచీ నిజమే చెప్పింది. నేనే దాని మీద గీతలు గీసి అబద్ధం నేర్పాను.

అప్పుడు ఆయన భార్య అడిగింది, అదేమి గాజని. చెప్పాను. ఆమె రుద్దడం ఆపలేదు.

“పైన యాభై అయితే పని ఆపి దిగమని దిగుడు గంట మోగాల. మోగల్యా. గంటకు ముందు దిగితే పని పోతాది,” అంది. “కొత్తగా వచ్చినామె ఒకామె, దస్తగిరమ్మంట, తన గాజు చూసి దిగుదాం పాండి అనింది. మేస్త్రీ ఏం చేసినాడో తెల్సా? ఆ గాజు తప్పని హాలు కాయితం మెట్ల కాడ అంటించినాడు. ఎవరో లేపాక్షంట, రాసింది. బాగా సదువుకున్న పిల్లంట.”

గంట దగ్గరున్న గాజును కూడా మూల గాజుతోనే సరిచేశారు. అది యాభై అంటే నిజంగా యాభై రెండు.

ఆమె నా పేరు అడగలేదు. నేను చెప్పలేదు.

ఇరవై ఐదో రోజు. పైన 50. అంటే 52.

మంచు తొట్టిలోని ఆయన లేచాడని ఎస్తేరమ్మ కబురు పంపింది. భార్యను గుర్తుపట్టడం లేదట. ‘అక్కా’ అని పిలుస్తున్నాడట.

ఇరవై ఆరో రోజు. పైన 49. అంటే 51.

సార్‌కు చెప్పాను. ఆయన గదిలో, తలుపు వేసి, పట్టిక ముందు పెట్టి. ఆయన చదివారు. నిజంగానే చదివారు, వేలు పెట్టి వరసగా. నాకు ఆశ పుట్టింది.

“పాపా, ఈ గాజుతో పదకొండు మంది పీహెచ్‌డీలు అయినారు,” అన్నారు. “నేను కూడా. నువ్వు చెప్పేది నిజమైతే పదకొండు పీహెచ్‌డీలూ తప్పు.”

“తప్పు రెండు డిగ్రీలే సార్. అన్నిట్లోనూ రెండు కలిపితే సరిపోతుంది.”

“కలపాల్సింది ఎవరు? నేను. ఎవరి ముందర? పురుగుల ల్యాబోళ్ళ ముందర. ఈ మెట్టులో గాలి ఏ ల్యాబుకు ఎంతనేది ఏడాదేడాదీ తేలుస్తారు. తప్పుల ల్యాబుకు గాలి ఎవరిస్తారు?”

పై మెట్టులో మనుషుల సంగతి ఎత్తాను. దానికి మేస్త్రీలు ఉన్నారన్నారు. తర్వాత పట్టికను మడిచి నాకే ఇచ్చారు, చాలా జాగ్రత్తగా, అంచులు కలిపి.

“తిప్పేస్వామికి పట్టా ఉందని నాకు తెల్సు. నీకూ తెల్సు. నలభయ్యో దినం ఖండన కాయితంలో ఆ ఒక్క మాట రాయి, సీటు నీది. ఇంక మంచు కాడికి పోవద్దు. చలి చేస్తాది.”

బయటికొచ్చి నా మంచం మీద కూర్చున్నాను. గాలి గొట్టం చల్లగా ఊదుతోంది. చల్లటి గాలిని నేను ఎన్నడూ ఇంతగా అసహ్యించుకోలేదు. లేచి మాత్రం పోలేదు.

ఇరవై తొమ్మిదో రోజు. పైన 49. అంటే 51.

పట్టికలు శుభ్రంగా తిరగరాశాను. పాచికి నీళ్ళు చల్లాను. ఇంకేమీ లేదు.

ముప్ఫై మూడో రోజు. పైన 50. అంటే 52.

రెండు కలపడం అలవాటైంది. నోరు తెరవడం అలవాటు కాలేదు.

నాకు నేనే రకరకాలుగా చెప్పుకుంటున్నాను. ముందు సీటు రానీ, పీహెచ్‌డీ అయ్యాక మూత తీయిస్తానని ఒకసారి. నేను చెప్పినా ఎవరూ నమ్మరని ఒకసారి. పదకొండు మందీ ఇదే మాట అనుకుని ఉంటారా అని లెక్క వేసుకున్నాను. వాళ్ళలో ఒక్కరికైనా తెలిసే ఉంటుంది. వాళ్ళు మంచివాళ్ళే. హాల్లో కూర్చుని నవ్వింది కూడా వాళ్ళే.

ముప్ఫై ఏడో రోజు. పైన 50. అంటే 52.

తిప్పేస్వామన్న మీద ఖండన రాసి పెట్టాను. ఒకే వాక్యం. చాలా చక్కటి వాక్యం, ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. మాటల మీద ఇష్టం మొదలైనప్పటి నుంచీ ఇంత మంచి వాక్యం రాయలేదు. ఇంకోసారి చదివి, కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టాను.

ఆయన నా మీద రాసింది ఏమిటో నాకు తెలియదు. ఈ రోజు తట్టలు మోస్తూ, మంచు గదికి పోయినావంట కదా అన్నాడు. అవునన్నాను. ఎంత చూపించింది అన్నాడు. సున్నా అన్నాను. ఆయన తన గాజును జేబులోంచి తీసి, తాను గీసుకున్న గీతలను బొటనవేలి గోటితో కాసేపు గీరాడు. అవి పోలేదు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

నలభయ్యో రోజు. పైన 50. అంటే 52.

హాలు నిండిపోయింది. ముందుగా నన్ను పిలిచారు. నా చేతిలో రెండు కాగితాలున్నాయి. చక్కటి వాక్యం ఉన్న కాగితం పైన ఉంది. గుమాస్తా దాని కోసం చెయ్యి చాపాడు. ఆ చెయ్యి చూస్తుంటే, మంచు తొట్టి పక్కన అరికాళ్ళు రుద్దే చేతులు గుర్తొచ్చాయి. ఆ చేతుల మనిషే, నేనెవరో తెలియకుండా నా పేరు నాకే చెప్పింది.

కింది కాగితం ఇచ్చాను.

అందులో ఇలా రాశాను: ‘పద్దెనిమిదో రోజు దస్తగిరమ్మ పని మీద నేను వేసిన ఖండన తప్పు. కరిగే మంచులో చూడగా ఆమె గాజే సరైనదని తేలింది. మూల గాజు రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. దానితో సరిచేసిన ప్రతి గాజూ, దిగుడు గంట దగ్గరి గాజుతో సహా, రెండు డిగ్రీలు తక్కువ చూపిస్తోంది. నా ఖండనను వెనక్కి తీసుకుంటున్నాను.’

ఎవరూ నవ్వలేదు. మూల గాజు మూత తీసి చూడమని అడిగాను. బల్ల మీదే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. లక్కను గోటితో గీరినా ఊడొస్తుంది. సార్ దాన్ని తన దగ్గరికి జరుపుకున్నారు.

“మూత మీద మా గురువుగారి పేరుంది,” అన్నారు. “నీ పేరు యాడుంది?”

ఖండన వెనక్కి తీసుకున్నాను కాబట్టి నేను అనర్హురాలినని ప్రకటించారు. మిగిలింది తిప్పేస్వామన్న ఒక్కడే. ఆయన కాగితం ఇవ్వాల్సిన పని కూడా లేకపోయింది. అయినా లేచి నిలబడ్డాడు.

“సార్, ఒక మనవి. అనర్హత ఉత్తర్వులో కారణం పూర్తిగా రాయాల. ఆ పాప రాసింది రాసినట్టు, మొత్తం నకలు దించి ముద్ర ఎయ్యండి. లేకుంటే రేపు మాట మార్చి మళ్ళా సీటుకొస్తాది.”

ఇంత ద్వేషం ఈ మనిషిలో ఉందని తెలియలేదు. పాత విద్యార్థులు సబబే అన్నారు. సార్‌కు తొందరగా ఉంది; మూల గాజును ఒడిలో పెట్టుకుని, కానీమని చెయ్యి ఊపారు. గుమాస్తా ఉత్తర్వు రాశాడు. నా మాటలన్నీ దింపాడు. హాలు ముద్ర వేశాడు. సార్ సంతకం చేశారు. ఒక ప్రతి రిజిస్టరులో అంటించి, ఒకటి నా చేతిలో పెట్టారు. మూడేళ్ళు.

చలువ చీటీ గుమ్మం దగ్గర తీసుకున్నారు. నేను మంచం ఖాళీ చేస్తుంటే తిప్పేస్వామన్న తన సంచి తెచ్చి దాని మీద పెట్టాడు.

“రెండేండ్లాగు. సీటు గట్టిపడినాక మూత నేను తీస్తా,” అన్నాడు.

“రెండేళ్ళలో ఎంతమంది పోతారన్నా?”

ఆయన దుప్పటి పరుచుకున్నాడు.

నలభై ఒకటో రోజు.

మెట్లు మూడు వందల పన్నెండు. రెండు వందలు దాటాక గాలి మారుతుంది. ఆఖరి మెట్టు దగ్గర పొయ్యి మీద మూత తీసినట్టు ముఖానికి కొడుతుంది. అక్కడే, గోడ మీద, నా ఖండన అంటించి ఉంది. ఎండకు అంచులు ముడుచుకున్నాయి. నా సంతకం మాత్రం చక్కగా కనిపిస్తోంది.

మేస్త్రీ నాకు గుడ్డా బక్కెట్టూ ఇచ్చి వరస చూపించాడు. పేరడిగాడు. చెప్పాను. వరసలోని తలలన్నీ ఒకేసారి తిరిగాయి. ఆ తర్వాత ఎవరూ నా వైపు చూడలేదు. నీళ్ళ కుండ దగ్గరికి వెళితే జరిగి దారిచ్చారు, అంటుకుంటుందేమో అన్నట్టు.

పదకొండు గంటలకు గంట దగ్గరి గాజు 48 చూపించింది. పక్క వరసలో దస్తగిరమ్మక్క గుడ్డ విప్పి తన గాజు చూసుకుని మళ్ళీ చుట్టేసింది. యాభై. ఆమె ఎవరినీ పిలవలేదు. పిలిచి పిలిచి మానేసిందని పక్కామె మరొకామెతో అంటుంటే విన్నాను.

నేను ఆమె దగ్గరికి పోయాను. పొద్దున్నుంచి ఏం చెప్పాలో మాటలు ఏరుకుంటున్నాను. క్షమాపణకు నిఘంటువులో ఉన్న మాటలన్నీ నాకు వచ్చు. ఒక్కటీ నోటికి రాలేదు. నా చొక్కాలో మడిచి పెట్టుకున్న ఉత్తర్వు తీసి చేతికిచ్చాను. నన్ను ఎందుకు గెంటేశారో ఆమెకు తెలియాలని మాత్రమే ఇచ్చాను.

ఆమె పలకకు వీపు ఆనించి, మొదటి నుంచి చివరి దాకా చదివింది. మళ్ళీ మొదటికి వెళ్ళింది. ముద్ర మీద వేలు పెట్టి తడిమింది.

“దీని మీద హాలు ముద్ర ఉండాది,” అంది.

“ఉంది.”

“‘ఆమె గాజే సరైనదని తేలింది.’ ఇది హాలు కాయితంలో ఉండాది. కింద వీరభద్రప్ప సంతకం.”

అప్పుడు అర్థమైంది నాకు. నిన్న రాసింది రాసినట్టు దించి ముద్ర వేయమని పట్టుబట్టింది తిప్పేస్వామన్న. నన్ను తొక్కడానికో, ఇంకెందుకో, నాకు ఎప్పటికీ తెలియదు. ఆయన ముఖం చూసినా చెప్పలేను.

ఆమె మెట్ల దగ్గరికి నడిచింది. ముడుచుకుపోయిన నా ఖండనను చించలేదు. బక్కెట్లో గుడ్డ పిండి, గోడ తడిపి, దాని పక్కనే ఉత్తర్వును అంటించింది. రెంటినీ పక్కపక్కన చదవాలని కాబోలు. మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. ఆమె ముద్ర మీద వేలు పెట్టి నిలబడింది. అతను చదివాడు. పెదవులు కదిలించుకుంటూ చదివాడు. గంట దగ్గరి గాజు వైపు చూశాడు, ఆమె గాజు వైపు చూశాడు. అతని మెడ మీద చెమట కూడా మా చెమటలాగే కారుతోంది.

నేను దిగమని చెప్పలేదు, గంట నేను కొట్టను, అన్నాడు మేస్త్రీ చివరికి. ఎవరైనా దిగితే మాత్రం చూడలేదంటాను.

దస్తగిరమ్మక్క వరసల వైపు తిరిగి చెయ్యి ఎత్తింది. పక్కామె బక్కెట్టు దించింది. తర్వాత ఇంకొకామె. గుడ్డలు పలకల మీద అట్లాగే వదిలేశారు.

మెట్ల మలుపులో ఆమె నా పక్కకు వచ్చింది. నా ముఖం చూడలేదు.

“మూడేండ్లేనా ఏసింది నీకు?” అంది.

“మూడే.”

“తక్కువ ఏసినారు.”

ఆ మాట అని ముందుకు దిగిపోయింది. నేను ఆమె వెనకే దిగాను. నా ముందూ వెనకా అడుగుల చప్పుడు. లెక్కపెట్టాను. అరవై రెండు మందిమి. వందో మెట్టు దాకా చెవులు పైనే ఉంచాను.

గంట మోగలేదు. దిగాం.